ఐదుగురు కొడుకుల తల్లి

మొన్న మా సత్తుపల్లిలో పక్కింటి పిన్నిగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "అమ్మాయ్, కన్యాస్త్రీల మఠాలన్నీ తెల్లదొరసానులు పెట్టినవేగా?" అన్నారు.

తాటిపత్రి జ్ఞానమ్మగారి సంగతి చెప్పాను. 1822లో పుట్టిన తెలుగింటి ఆడపడుచు. గాలి ఇన్నయ్యగారి ఇల్లాలు, ఐదుగురు కొడుకుల తల్లి. భర్త పోయాడు. ఆ రోజుల్లో విధవంటే మూలగదే కదండీ! ఆవిడ మాత్రం, తెలుగు కుటుంబాలు వలస వెళ్లి స్థిరపడ్డ మద్రాసు దగ్గరి కీలచ్చేరిలో 1863లో ఆడపిల్లలకి బడి పెట్టారు. ఆ పనిలోంచే పునీత అన్నమ్మ సభ పుట్టింది. మద్రాసు సభా, మన గుంటూరు వైపు ఫిరంగిపురం సభా, రెండూ ఆవిణ్ణే తల్లిగా చెప్పుకుంటాయి. అన్నమ్మ అంటే మరియమాతకి అమ్మ. పేరు కూడా ఓ తల్లిదే, చూశారా! 1874లో కన్నుమూసిన ఆవిణ్ణి 2014లో దైవసేవకురాలిగా ప్రకటించారు.

పిన్నిగారు ఈనె తీయడం ఆపి, "విధవేనా?" అని మళ్లీ అడిగారు.