తాటి లొట్టి నుంచి గోధుమ బీరు దాకా

సూర్యాపేట నుంచి ఆత్మకూర్ (ఎస్) మండలంలోకి అడుగుపెడితే పొలాల గట్ల మీద ఇంకా తాటిచెట్లు కనిపిస్తాయి. పక్కనే బెల్టు షాపులో చల్లటి బీరు సీసాలూ దొరుకుతాయి. రెండున్నర గంటలు బస్సెక్కి హైదరాబాదు పోతే, కోరిందపండు వాసన వేసే గోధుమ బీరు గ్లాసులో పోసి ఇస్తారు. తాగినవాళ్లు వెంటనే ఫోను తీసి ఐదుకు ఇన్ని అని మార్కులు కూడా వేస్తారు. ఇదంతా కొత్త నాగరికత అనీ, ఊళ్లో తాగేవాడికి మత్తు తప్ప రుచి తెలియదనీ పట్నం నమ్మకం. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతపు తాగుడు చరిత్రను మొదటి నుంచీ ఒకసారి తిరగేస్తే ఆ నమ్మకం నిలబడదు. రుచిని తూచి చెప్పే నాలుక ఇక్కడ ఎప్పటి నుంచో ఉంది. దాన్ని మొద్దుబార్చింది ఎవరన్నదే అసలు ప్రశ్న.

చెట్టును బట్టి రుచి

కల్లు మండువలో కూర్చున్న పాత వాడికదార్లు మొదట అడిగేది ఏ చెట్టుది అని. పోద్దాటి (మగతాటి) కల్లు వేరు, పండుతాటి (ఆడతాటి) కల్లు వేరు, ఈదుల కల్లు మరీ వేరు. చెరువు శిఖం కింది చెట్టుకూ చెలక గట్టు మీది చెట్టుకూ తేడా చెప్పేవాళ్లుండేవారు. తర్వాత వచ్చే ప్రశ్న పొద్దటిదా, మాపటిదా అన్నది. గౌడన్న మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కి, గెల కొసను కత్తితో పల్చగా గీసి లొట్టి కడతాడు. కారిన నీరు తియ్యగా ఉంటుంది. దాన్ని అలాగే నిలుపుకోవాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి. అదే నీరా. సున్నం లేకపోతే గాలిలోనూ లొట్టి అడుగునా ఉన్న ఈస్టు, లాక్టిక్ ఆమ్లం చేసే సూక్ష్మజీవులు ఊరుకోవు. చెట్టు మీద ఉండగానే పులియబెట్టడం మొదలుపెడతాయి. కొన్ని గంటల్లోనే ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది. మర్నాటికి పులుపు ముదిరి వెనిగర్ వైపు నడుస్తుంది.

కాబట్టి కల్లు తాగేవాడికి గడియారం తెలిసి ఉండాలి. తీపి ఎంత, ఒగరు ఎంత, పులుపు ఎక్కడ మొదలైంది, నురగ నిలిచిందా లేదా, లొట్టి కడిగిందా పాతవాసన వస్తోందా? ఇవన్నీ ఆకు దోసిట్లో పట్టుకున్నంత సేపట్లో తేలిపోయేవి. బాగాలేకపోతే గౌడన్న ముఖం మీదే చెప్పేవాళ్లు. మర్నాడు వాడిక మరో చెట్టుకు మారేది. అంతకంటే కచ్చితమైన రేటింగ్ ఏముంటుంది? పండుగ నాడు మైసమ్మకో కాటమయ్యకో సాక పోసేటప్పుడు కూడా ఆ రోజు దించిన మంచి కల్లే పోసేవారు.

గీసేవాడి బతుకు మాత్రం రుచి చెప్పినంత తేలిక కాదు. ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపూర్‌కు చెందిన సర్వాయి పాపన్న కల్లుగీత కులంలో పుట్టి, 1708లో వరంగల్ మీద పడి మొఘలు పాలకులకు కునుకు లేకుండా చేసి, 1710లో ప్రాణం పోగొట్టుకున్నాడు. చెట్టు ఎక్కే మనిషికీ గద్దె మీది మనిషికీ మధ్య కల్లు ఎప్పుడూ తగాదా వస్తువే.

సర్కారు లెక్కలో మద్యం

నిజాం రాజ్యంలో ఆ తగాదాకు కాగితం తోడైంది. చెట్టు ఎవరి పొలంలో ఉన్నా, గీయాలంటే ఆబ్కారీకి పన్ను కట్టాలి. గీసే హక్కులు గుత్తకు పోయేవి. ఫస్లీ పంచాంగం ప్రకారం 1316వ ఏటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం ఈ ఏర్పాటును పక్కా చేసింది. ఖజానాకు వచ్చే పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ ఒకటి. ఊళ్లో దేశ్‌ముఖ్ గడీకి కల్లు ఊరికే పోయాలి. గౌడన్నల వెట్టి అది. సూర్యాపేట తాలూకాలో భూస్వాముల మీద జనం తిరగబడిన తెలంగాణ సాయుధ పోరాటం నాటికి వెట్టి బాధితుల జాబితాలో కల్లుగీత కార్మికులు ముందు వరుసలోనే ఉన్నారు.

నిజాం పోయినా లెక్క మారలేదు. 1954 నవంబరులో కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీదే అవిశ్వాసానికి కూలిపోయింది. అవతల నిషేధం, ఇవతల తెలంగాణలో ఆబ్కారీ రాబడి. రెండు ప్రాంతాలు కలవాలంటే ముందు ఈ ముడి విప్పాలి. అందుకే 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణలో మద్యనిషేధం ఎలా అమలు చేయాలో ఆ ప్రాంత శాసనసభ్యులే నిర్ణయించాలన్న మాట చేరింది. ఒక రాష్ట్రం పుట్టుక పత్రంలో మద్యానికి ప్రత్యేకంగా చోటు దొరకడం చిన్న విషయం కాదు. కానీ ఆ చోటు డబ్బుకు దొరికింది. తాగేవాడి నాలుక గురించి ఏ పత్రమూ పట్టించుకోలేదు.

సారా, సీసా, స్ట్రాంగ్

1980లలో సర్కారే 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. ప్యాకెట్ చించడం, ఒక్క గుక్కలో దించడం. ఇందులో రుచికి సందే లేదు. ఆ ప్యాకెట్లు కూల్చిన కాపురాల నుంచే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల ఉద్యమం పుట్టింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఈ అయిదారేళ్ల ఎగుడుదిగుళ్లలో సారా పోయిన చోట చీప్ లిక్కర్, బీరు కూర్చున్నాయి.

బీరు అప్పటికి కొత్తదేం కాదు. బ్రిటిష్ సైన్యం కోసం దక్షిణాదిలో నడిచిన చిన్న బ్రూవరీలను కలిపి 1915లో యునైటెడ్ బ్రూవరీస్ ఏర్పడింది. 1947లో విఠల్ మాల్యా దాని డైరెక్టరయ్యాక భారతీయుల చేతికి వచ్చింది. ఆ కంపెనీ కింగ్‌ఫిషర్ తెలంగాణ ఊళ్లలో బీరుకు మారుపేరైపోయింది. 2025 జనవరిలో ధరల గొడవతో ఆ కంపెనీ తెలంగాణకు సరఫరా ఆపితే అది మొదటి పేజీ వార్త. ఫిబ్రవరిలో ప్రభుత్వం 15 శాతం ధర పెంచింది.

ఊళ్లో బీరు అడిగేవాడు లైటా, స్ట్రాంగా అని చూస్తాడు. ఎక్కువమంది చేయి స్ట్రాంగ్ వైపే పోతుంది. పెట్టిన డబ్బుకు ఎక్కువ మత్తు, అదీ కొలత. తర్వాత కూలింగ్ సరిగ్గా ఉందా అని చేత్తో తడిమి చూస్తాడు. మరీ చల్లగా ఉంటే నాలుక తిమ్మిరెక్కుతుంది. బీరులోని లోపం బయటపడదు. అమ్మేవాడికి అదే కావాలి.

కల్లుకు జరిగింది ఇంకా ఘోరం. చెట్టు తరిగి గిరాకీ పెరిగిన చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం కలిపిన మందు కల్లు చేరింది. 2015లో కల్తీ మీద దాడులు జరిగి దుకాణాలు మూతపడ్డప్పుడు, ఆ మందుకు అలవాటుపడ్డ మనుషులు పిచ్చెక్కినట్టు ప్రవర్తించి ఆసుపత్రుల్లో చేరారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. చెట్టు పేరు అడిగే నాలుక ఉన్నంతకాలం ఈ వ్యాపారం సాగేది కాదు.

ఈ కథ పొడవునా ఖజానా రాబడి మాత్రం పెరుగుతూనే ఉంది. 2023లో రాష్ట్రంలోని 2,620 వైన్ షాపుల లాటరీకి లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి రాని రుసుము 2 లక్షలు. షాపు తెరవకముందే సర్కారుకు 2,600 కోట్లకు పైగా వచ్చి పడ్డాయి. తెల్ల కాగితం మీద ఇంత పెద్ద అంకె ఉన్నప్పుడు రుచి గురించి ఎవరు మాట్లాడతారు?

గోధుమ బీరు దారి

హైదరాబాదులో మైక్రోబ్రూవరీలకు తెలంగాణ ప్రభుత్వం 2015లో నిబంధనలు తెచ్చింది. అక్కడే కాచి, అక్కడే పోసి అమ్మే పద్ధతి అది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు ట్యాంకులు వెలిశాయి. కొత్తగా వచ్చేవాళ్లను ఎక్కువగా ఆకట్టుకున్నది గోధుమ బీరు. చేదు తక్కువ, నోటికి మెత్తన.

దాని చరిత్ర కూడా మన ఆబ్కారీ కథలాగే మొదలవుతుంది. 1516 ఏప్రిల్ 23న బవేరియా పాలకులు బీరుకు బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేమీ వాడకూడదని శాసించారు. గోధుమ బీరు కాచే హక్కు మాత్రం పెద్ద ఇంటివాళ్ల దగ్గరే ఉండిపోయింది. 1602లో డ్యూక్ ఆ హక్కును తన చేతిలోకి తీసుకుని దాన్నే గుత్త ఆదాయంగా మలచుకున్నాడు. 1872లో గెయోర్గ్ ష్నైడర్ అనే బ్రూవర్ ఆ హక్కు సంపాదించాడు. బెల్జియంలో హూగార్డెన్ ఊరి తెల్ల గోధుమ బీరు 1957లో చివరి బ్రూవరీతో పాటు ఆగిపోతే, 1966లో పియెర్ సెలిస్ తిరిగి కాచాడు. అందులో పడేవి ధనియాలు, నారింజ తొక్క. ధనియాలు మన పోపుల డబ్బాకు బాగా తెలిసిన సరుకే. బెర్లిన్‌లో పుల్లటి గోధుమ బీరులో కోరిందపండు సిరప్ చుక్క వేసుకుని తాగడం పాత అలవాటు. ఆ పులుపు తెచ్చేది లాక్టిక్ ఆమ్లం. మన కల్లు పులుపులోనూ దాని చెయ్యి ఉంది. గోధుమ మాంసకృత్తుల వల్ల, బీరులో తేలుతూ మిగిలిన ఈస్టు వల్ల గ్లాసు మబ్బుగా ఉంటుంది. పోద్దాటి కల్లు తాగినవాడికి ఆ రంగు, ఆ నురగ కొత్తేమీ కాదు.

బెర్రీ రుచి మాత్రం లెక్క తెలిసి చూడాలి. నిజమైన పండు బీరులో పడితే పండులోని చక్కెరను ఈస్టు తినేస్తుంది. మిగిలేది వాసన, పులుపు, రంగు, కొద్దిగా ఒగరు. తీపి చాలావరకు పోతుంది. తాగేటప్పుడు జాము తిన్నట్టు తియ్యగా ఉందంటే, పులిసిన తర్వాత సిరప్పో ఎసెన్సో కలిపారని అనుమానించాలి. తాగేవాడు తనంతట తాను పట్టుకోగల పరీక్ష ఇది.

మార్కుల పద్ధతి

1977లో మైఖేల్ జాక్సన్ అనే బ్రిటిష్ రచయిత ప్రపంచ బీర్ల మీద పుస్తకం రాశాక, బీరును ప్రాంతం, పద్ధతి, రుచి ఆధారంగా విడదీసి మాట్లాడటం ఊపందుకుంది. 1985లో అమెరికాలో బీరు న్యాయనిర్ణేతల ధ్రువీకరణ కార్యక్రమం మొదలైంది. వాళ్ల కాగితం మీద మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తాకే తీరుకు 5, మొత్తం అనుభవానికి 10. ఆల్కహాలు ఎంత అన్నదానికి ఒక్క మార్కూ లేదు.

ఈ కాగితంతోనే హైదరాబాదులో ఒక మైక్రోబ్రూవరీలో పోసిన బెర్రీ గోధుమ బీరును ఈమధ్య తూచి చూశాను. రూపం లేత గులాబీ, మబ్బుగా, నురగ కాసేపు నిలిచింది: 3కు 3. వాసనలో పండు ముందుకొచ్చింది కానీ గోధుమ బీరు ఈస్టు ఇవ్వాల్సిన అరటిపండు, లవంగం జాడ దాని కింద అణగిపోయింది: 12కు 7. రుచి మొదటి గుక్కకు ముచ్చటగా ఉండి, మూడో గుక్కకు తీపి నాలుక్కి అంటుకుంది, పులుపు ఆదుకోలేదు: 20కి 9. నోట్లో తేలికగా ఉన్నా ముగింపు జిగట: 5కు 3. మొత్తానికి 10కి 5. వెరసి 27. వాళ్ల లెక్కలో 21 నుంచి 29 దాకా 'బాగుంది' తరగతి, అంటే చిన్న లోపాలున్నా తాగదగినది. మండువలో కూర్చున్న ముసలాయన అయితే "తీపెక్కింది బిడ్డా" అని ఒక్క మాటలో తేల్చేసేవాడు. ఇద్దరి తీర్పూ ఒకటే.

తీర్పు

మూడు వందల ఏళ్ల ఈ దారిలో పాలకులు మారారు, చట్టాలు మారాయి. చెట్టును లెక్కపెట్టారు, ప్యాకెట్‌ను లెక్కపెట్టారు, దరఖాస్తును లెక్కపెట్టారు. రుచి మాత్రం తాగేవాడి బాధ్యతగానే మిగిలింది. అతను దాన్ని వదిలేసిన రోజున అతని ముందుకు మందు కల్లు వచ్చింది, స్ట్రాంగ్ సీసా వచ్చింది. గోధుమ బీరు గ్లాసు ఆ పాత అలవాటును ఎక్కువ ధరకు తిరిగి నేర్పుతోంది. తాటిచెట్లున్న ఊళ్లో అదే పాఠం ఇంతకంటే చవకగా దొరుకుతుంది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచిన సర్కారు, చెట్టెక్కే గౌడన్నలకు 2024లో కాటమయ్య రక్షా కవచం ఇచ్చిన సర్కారు, సూర్యాపేట వంటి చోట్ల కల్తీ పరీక్ష చేసి, ఏ చెట్టుదో, ఏ పూటదో చెప్పి అమ్మే మండువలనూ నిలబెట్టగలదు. పాఠకులకు ఒక్క మాట: తాగని వాళ్లు అదృష్టవంతులు, అలాగే ఉండండి. తాగేవాళ్లు మాత్రం లొట్టి ముందైనా, గ్లాసు ముందైనా ముందు అడగాల్సింది ఎంత ఎక్కుతుంది అని కాదు, దేనితో చేశారు, ఎప్పుడు చేశారు అని.