గుఱ్ఱపు జీను – తోలుపని చరిత్ర



మన చరిత్రగ్రంథములు రౌతును వర్ణించును, అశ్వమును వర్ణించును. రౌతును పడనీయక నిలిపిన జీనును గాని, దానిని కుట్టిన చేతిని గాని తలంపవు. కాకతీయ గణపతిదేవుఁడు 1244–45లో వేయించిన మోటుపల్లి అభయశాసనము ఓడసరకులలో గుఱ్ఱములను గూడఁ బేర్కొనుచున్నది. సముద్రముమీఁద వచ్చిన గుఱ్ఱమైనను జీను, కళ్లెము లేక సవారికి రాదు. తోలుపని యెఱిఁగినవారు లేక యవి నిలువవు.

తంగేడుచెక్కతోఁ బదునుచేసిన తోలైనను సంరక్షణము లేనిచోఁ జెడును. సవారి ముగిసినంతనే తడిగుడ్డతోఁ జెమటను, దుమ్మును తుడువవలయును. చెమటలోని యుప్పు నిలిచినచోఁ దోలు బిరుసెక్కి పగులును. పిమ్మట నీడనే యాఱఁబెట్టవలయును. ఎండయు నిప్పుసెగయుఁ గూడవు. కొంచెము తేమ యుండఁగనే యాముదము పలుచగా రుద్దవలయును. మితిమీఱినచోఁ దోలు సాగును, కుట్లు వదులగును.

గోదావరి తేమ గల మా కె.గంగవరము, ద్రాక్షారామ ప్రాంతములందు వానకాలపు బూజే తోలునకుఁ బరమశత్రువు. జీనును నేలపైఁ బెట్టక కొయ్యపై నుంచి గాలి తగులనీయవలయును. కుట్లను తఱచుగాఁ బరీక్షింపవలయును. పొట్టక్రింది తోలుపట్టెడ తెగిన రౌతు ప్రాణమునకే ముప్పు.

ఈ విద్య గ్రంథములకంటెఁ జేతులలోనే యెక్కువగా నిలిచినది. 1917లో బెజవాడ మహాసభయందు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను ‘పంచమ’ నామమును విడిచి ‘ఆది ఆంధ్ర’ నామమును గ్రహించితిమి. పేరు నిలిచినది, పనికిఁ దగిన చరిత్రయు నిలువవలయును. మన వృద్ధులు చెప్పు పనిముట్ల పేర్లను, కుట్ల తీరులను యువకులు వ్రాసి పంపుదురు గాక. పోషకులు వానిని ముద్రింపించెదరు గాక. ఆ చేతులు పోయిన పిదప నడుగుట కెవ్వరుందురు?