తలుపు వెనక సంతకాలు

మా వాకాడు చుట్టుపక్కల పూరిళ్ళూ పెంకుటిళ్ళూ పోయి డాబాలు లేచాక, ఆ పాత గోడలతో పాటు ఒక చరిత్ర కూడా మట్టిలో కలిసిపోయింది. ఆ ఇళ్ళ తలుపుల వెనక గళ్ళు గీసి ఉండేవి. పదిహేను రోజులకోసారి మలేరియా కార్యకర్త వచ్చి ఒక గడిలో తేదీ వేసి సంతకం పెట్టేవాడు. బయటి గోడ మీద జేగురుతో డి.డి.టి. కొట్టిన తేదీ, ఎన్ని గదులకు కొట్టారో ఆ లెక్క ఉండేది. మా నాయన మందు కొట్టిన కూలీ. ఆ తర్వాత తలుపుల వెనక సంతకాలు పెట్టిన ఆరోగ్య కార్యకర్తను నేను. మలేరియా చరిత్ర రాసేవాళ్ళు మైక్రోస్కోపు దగ్గరే ఆగిపోతారు. వీధిలోకి రారు. అందుకే ఇది రాస్తున్నాను.

మైక్రోస్కోపు కథ చిన్నదేం కాదు, అదీ మన గడ్డ మీద జరిగిందే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, బేగంపేట దగ్గర, రొనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా పురుగును చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. జనానికి మాత్రం చాలాకాలం క్వినైనే దిక్కు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి చలిజ్వరం, 8 లక్షల చావులు అని అంచనా. జబ్బు దోమ వల్లేనని తెలిసి యాభై ఏళ్ళయినా లెక్క అలా ఉందంటే, తెలియడానికీ తగ్గడానికీ మధ్య ఎంత పని ఉందో చూడండి.

ఆ పని 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమంగా మొదలైంది. 1958లో ఏకంగా నిర్మూలన అన్నారు. పద్ధతి తేలికగానే అర్థమవుతుంది. నెత్తురు తాగి బరువెక్కిన దోమ ఇంట్లోనే గోడ మీద వాలుతుంది. ఆ గోడకు చదరపు మీటరుకు ఒక గ్రాము చొప్పున మందు అంటి ఉంటే, వాలిన దోమ చస్తుంది. ఒకరు బకెట్లో పంపు నిలిపి, దాని పట్టీని కాలితో తొక్కిపట్టి కొడుతుంటే, ఇంకొకరు గొట్టం పట్టుకుని గోడకు మూరెడు దూరంలో, పైనుంచి కిందికి సమానంగా చల్లుకుంటూ పోవాలి. మా నాయన పంపు మనిషి. సాయంత్రానికి కనురెప్పల దాకా తెల్లపొడి పట్టేసేది. నల్లులు చస్తాయని మొదట్లో జనం పిలిచి మరీ కొట్టించుకున్నారు. కొన్నేళ్ళకు నల్లులకు ఆ మందు అలవాటైపోయింది, దాంతో జనం తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. దేవుడి గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఇక సంక్రాంతి వచ్చిందంటే ఇల్లంతా పేడతో అలికి సున్నం కొట్టేవాళ్ళు. మందు దాని కిందికి పోయేది. వాళ్ళ తప్పు ఏముంది? పండక్కి ఇల్లు అలుక్కోవద్దని ఎవరు చెప్పగలరు?

1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు లక్షకు దిగాయి. పని అయిపోయిందనుకున్నారు. దోమ మందుకు తట్టుకోవడం నేర్చింది, సరఫరాలు తగ్గాయి, ఇంటింటికీ తిరిగే పని పల్చబడింది. 1976లో 64.7 లక్షల కేసులు.

ఆ దెబ్బ తర్వాత పనిలోకి వచ్చినవాణ్ణి నేను. తూపిలిపాలెం, దుగరాజపట్నం వైపు సైకిలు కూడా ఇసుకలో దిగబడేది, నడకే. ముందు చూడాల్సింది నీళ్ళు. వరద తీశాక స్వర్ణముఖిలో మిగిలే గుంటలు, సరుగుడు నారుకు నీళ్ళు తోడుకునే దొరువులు. పల్లెటూళ్ళలో మలేరియాను మోసే దోమకు అలాంటి మంచినీళ్ళే ఇష్టం. గరిటెతో నీళ్ళు తీసి వెలుతురులో చూస్తే, మామూలు దోమపిల్ల తలకిందులుగా వేలాడుతుంది, మలేరియా దోమపిల్ల మాత్రం నీటి పైన అడ్డంగా పడుకుని ఉంటుంది. ఆ దొరువులో దోమపిల్లల్ని తినే గంబూసియా చేపలు వదిలేవాళ్ళం.

తర్వాత ఇళ్ళు. జ్వరమన్న ప్రతి మనిషికీ ఎడమచేతి ఉంగరపు వేలు తుడిచి, సూదితో పొడిచి, గాజుపలక మీద ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా నెత్తురు పూత తీయాలి. ఆరాక ఆ పల్చటి పూత మీదే పెన్సిలుతో నంబరు వేయాలి. ఒక యానాది అవ్వ అడిగింది: "ఏలు పొడిస్తే జొరం పోతాదా అబ్బయా?" "పోదవ్వా, ఏ పురుగో తెలుస్తాది." పలక పరీక్షకు పోయేలోపు నాలుగు క్లోరోక్విన్ మాత్రలు నా కళ్ళముందే మింగించేవాణ్ణి, ఏమన్నా తిన్నాకే. పురుగు ఉందని తేలితే ప్రైమాక్విన్ ఇవ్వడానికి మళ్ళీ అదే ఇసుకలో నడక. మాకు వచ్చినవి ఎక్కువ వైవాక్స్ రకం పురుగు కేసులే. అది కాలేయంలో దాక్కుని, నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. ప్రైమాక్విన్ పూర్తిగా మింగకపోతే పోదు.

ఇప్పుడు టీకా వచ్చింది. ఈ పురుగు ఒంట్లో అడుగడుక్కీ రూపు మారుస్తుంది, దోమ కుట్టిన కాసేపట్లోనే కాలేయంలోకి పోతుంది. అందుకే దానికి టీకా కనుక్కోవడం అంత కష్టమైంది. 1987 నుంచి పరిశోధనలో ఉన్న ఆర్‌టీఎస్,ఎస్ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో సిఫారసు ఇచ్చింది. దాని తయారీని మన హైదరాబాదు భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందం కూడా అదే ఏడు జరిగింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ఆర్21 టీకాకు 2023లో సిఫారసు వచ్చింది, దాన్ని పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. ఆఫ్రికాలో ఎంతమంది పసివాళ్ళు వీటివల్ల బతుకుతారో తలుచుకుంటే నాకు కడుపు నిండిపోతుంది. అయితే ఈ రెండూ ప్రాణాలు తీసే ఫాల్సిపారం రకం మీద పనిచేసేవి. నేను గాజుపలకల మీద మోసుకెళ్ళిన వైవాక్స్‌కు ఇంకా టీకా లేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ టీకాలు నాలుగు డోసులు. మూడు వరసగా నెలల తేడాతో పడతాయి, నాలుగోది చాలా నెలల తర్వాత. మొదట వేసిన దేశాల్లో ఆ నాలుగో డోసుకు వచ్చిన పిల్లలు తగ్గిపోయారు. తల్లి పనికి పోయి ఉంటుంది, ఊరు మారి ఉంటుంది, బిడ్డ బాగానే ఆడుకుంటుంటే సూది ఎందుకనుకుంటుంది. ఆ ఇంటికి ఎవరో ఒకరు మళ్ళీ నడిచి వెళ్ళాలి.