కరువు కాలువ: ఒంగోలు నుంచి రోచెస్టర్ దాకా

1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ నగరంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ వార్షిక సమావేశం జరిగింది. అక్కడ చర్చకు వచ్చిన అంశాలలో నెల్లూరు ఒకటి. 1836లో భారతదేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడిన శామ్యూల్ డే ప్రారంభించిన తెలుగు మిషన్‌ను కొనసాగించాలా, మూసివేయాలా అన్నది ప్రశ్న. ఇదే సంఘం బర్మాలో చేస్తున్న పనికి కరెన్ జాతి ప్రజలు వేల సంఖ్యలో స్పందిస్తున్నారు. నెల్లూరులో మాత్రం చేరినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఫలితం లేనిచోట డబ్బూ మనుషులనూ ఎందుకు వృథా చేయాలన్న వాదన సహజంగానే బలంగా వినిపించింది.

ఆ సమావేశంలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఉన్నాడు. అమెరికా దేశభక్తి గీతాలలో ప్రసిద్ధమైన 'అమెరికా' ఆయన రచనే. పటంలో ఒంటరిగా కనిపించే నెల్లూరును ఒంటి నక్షత్రంగా భావించి ఆయన ఒక కవిత రాశాడు. మిషన్ మూతపడలేదు. 'లోన్ స్టార్ మిషన్' అన్న పేరు దానికి అలాగే స్థిరపడింది. 1862లో ప్రావిడెన్స్ నగరంలో ఇదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. అప్పటికి పన్నెండేళ్ళకు పైగా తెలుగునాట పనిచేసి అనారోగ్యంతో తిరిగివచ్చిన లైమన్ జ్యూయెట్, సంఘం పంపకపోయినా తాను వెనక్కి వెళ్తానని పట్టుబట్టాడు. మిషన్ రెండోసారీ నిలిచింది.

సముద్రాల అవతలి పేదల పట్ల తమకు ఒక బాధ్యత ఉందని నమ్మిన ఈ సంఘానికి ఇంటి దగ్గరా ఒక పరీక్ష ఎదురైంది. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చునా అన్న వివాదం మీద 1845లో దక్షిణాది బాప్టిస్టులు విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. మిగిలిన ఉత్తరాది వారు 1846లో మిషనరీ యూనియన్ అన్న పేరు తీసుకున్నారు. అంటే నెల్లూరుకు డబ్బు పంపిన సంఘం, మనిషి మరొక మనిషికి ఆస్తి కావచ్చునా అన్న ప్రశ్న దగ్గర చీలిన సంఘమే. ఆ తరువాత ఒంగోలులో జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం గుర్తుంచుకోవాలి.

బడిలో ఎవరు కూర్చోవాలి?

జ్యూయెట్ 1864లో తిరుగు ప్రయాణమైనప్పుడు ఆయనతోపాటు జాన్ ఎవరెట్ క్లౌ బయలుదేరాడు. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, అయోవాలో చదువుకున్నవాడు. మతబోధకుడు కావడానికి ముందు మినెసోటా మైదానాలలో భూమి సర్వే పనిచేశాడు. 1866లో క్లౌ దంపతులు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

అంతకుముందే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఇతడు మిషనరీలు వెతికి పట్టుకున్న మనిషి కాదు. గురువుల దగ్గర యోగసాధన చేసినవాడు. ఉత్తరాదికి వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ గురించి విని, తానే వెతుక్కుంటూ వచ్చినవాడు. ఒంగోలుకు పడమట ఉన్న పల్లెలలో తన బంధువుల మధ్య తిరిగి బోధించినదీ అతడే. ఆ ప్రాంతపు మతాంతరీకరణ చరిత్రను అమెరికన్ దొరల చరిత్రగా చెప్పడం అలవాటైపోయింది. నిజానికి ఆ వార్త మాదిగపల్లెల చుట్టరికాల దారుల వెంట నడిచింది.

క్లౌ ఒంగోలులో పెట్టిన బడికి మొదట అగ్రవర్ణాల పిల్లలు వచ్చారు. మాదిగలు సంఘంలో చేరసాగేసరికి ఆ పిల్లల పెద్దలు అభ్యంతరం చెప్పారు. వీళ్ళను చేర్చుకుంటే మేము రాము అన్నారు. పలుకుబడి, చదువు, ఊరి మర్యాద ఒకవైపు. చెప్పులు కుట్టేవారు, చచ్చిన పశువును మోసేవారు మరొకవైపు. క్లౌ, ఆయన భార్య హారియెట్ ఆ రోజు వేర్వేరు గదులలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి లేఖలోని ఒకే భాగం కనబడిందని, లోకం నీచమని ఎంచినవారినే దేవుడు ఎన్నుకున్నాడన్నది ఆ భాగపు భావమని క్లౌ స్వీయచరిత్ర చెబుతుంది. మాదిగలు నిలిచారు, అగ్రవర్ణాల పిల్లలు బడి విడిచారు.

చేరినవారు దీనికి తగిన మూల్యం చెల్లించారు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు అన్నవి క్లౌ విధించిన నియమాలు. జాతరలో డప్పు కొట్టడం మాదిగలకు ఊరు అప్పగించిన విధి. కొట్టము అన్నప్పుడు అది కేవలం మతవిషయంగా మిగలలేదు. ఊరి కట్టుబాటును ధిక్కరించడం అయింది. అలాంటి పల్లెలలో క్రైస్తవులకు బావి నీళ్ళూ, కూలిపనీ నిలిచిపోవడం సామాన్యమైంది.

ధాత కరువు

1876లో వానలు పడలేదు. తెలుగువారు ధాత కరువని పిలుచుకున్న ఆ కరువు 1878 దాకా దక్షిణ భారతాన్ని పీడించింది. బ్రిటిష్ పాలిత ప్రాంతాలలోనే యాభై లక్షలకు పైగా చనిపోయారని అంచనా. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. భూమి లేని మాదిగలకు రైతు ఇచ్చే గింజలే ఆధారం. రైతుకే గింజలు లేనప్పుడు ముందు ఆకలితో పడిపోయేది వాళ్ళే.

ప్రభుత్వం కరువు పనులు తెరిచింది. అయితే ఖర్చు తగ్గించే బాధ్యతతో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో రోజుకూలిని మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. దీనికే 'టెంపుల్ కూలి' అని పేరు. కష్టమైన శారీరక శ్రమ చేసే మనిషికి ఇది చాలదని, కనీసం పౌనున్నర ధాన్యంతోపాటు కూరలు, పప్పులు ఉండాలని మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. ఆకలికి ఎంత అన్నం చాలునన్నది ఆ రోజులలో ఖజానా లెక్కలలో తేలవలసిన విషయం.

ఈ స్థితిలో క్లౌ ముందు రెండు దారులున్నాయి. వచ్చిన విరాళాలను పంచి, అయిపోయాక చేతులెత్తేయడం ఒకటి. తన పాత సర్వేయర్ విద్యను వాడుకోవడం రెండోది. ఆయన రెండోదాన్ని ఎంచుకున్నాడు. తీరం వెంట తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. వేలమంది అక్కడికి వచ్చి, మట్టి తవ్వి, మోసి, ఆ కూలితో ప్రాణం నిలుపుకున్నారు. ఇతర కరువు పనులలో మాదిగలను తిట్టి కొట్టే అధికారులుండేవారు. ఇక్కడ అజమాయిషీ చేసినవారు వాళ్ళ కులం వాళ్ళే, వాళ్ళ చుట్టాలే. రాత్రి పని ముగిశాక అదే బోధకులు వారితో కూర్చుని మాట్లాడారు, ప్రార్థించారు. ఎన్నో ఊళ్ళ నుంచి వచ్చిన మనుషులు ఒకేచోట ఉండి, తమవాడి నోట ఆ బోధ విన్నారు.

పదిహేను నెలలు

ఆ కాలంలో వేలమంది బాప్తిస్మం అడిగారు. సంఖ్యల కోసం ఇరవై ఏళ్ళకు పైగా ఎదురుచూసిన మిషన్ ఇది. సంఖ్యలు లేవని రెండుసార్లు మూతపడబోయిన మిషన్. అయినా క్లౌ సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి ఇచ్చేవాడు, విరాళాలు పంచేవాడు తానే అయినప్పుడు, అడిగేవాడు దేని కోసం అడుగుతున్నాడో తేల్చడానికి మార్గం లేదు. ఆకలితో ఉన్నవాడి 'అవును' అన్న మాటకు విలువ కట్టడం కష్టమని ఆయన గ్రహించాడు.

1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం గుమిగూడారు. ఇక ధనసహాయం ఉండదని వారికి స్పష్టంగా చెప్పారు. తమకు సహాయం అక్కరలేదని, కష్టపడి బతికామనడానికి సాక్ష్యంగా చేతుల బొబ్బలు చూపారని క్లౌ స్వీయచరిత్రలో ఉంది. జులై 2, 3, 4 తేదీలలో అక్కడ 3,536 మంది బాప్తిస్మం పొందారు. అందులో జులై 3 ఒక్కరోజునే 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, నదిలో నిలబడి ఆ కార్యం జరిపారు. క్లౌ ఒడ్డున ఉన్నాడు. ఈ వార్త అమెరికా చర్చిలలో పెద్ద సంచలనమైంది.

తిండి కోసమే మతం మారారన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ వినబడుతుంది. దానికి పదిహేను నెలల నిరీక్షణ పూర్తి సమాధానం కాదు. ప్రాణం నిలబెట్టినవాడి పట్ల కృతజ్ఞత, కూలి ఆగిన రోజునే ఆగిపోదు. అయితే ఆ విమర్శలో ఒక లోపముంది. మాదిగలకు ఆకలి తప్ప వేరే కారణం ఉండదని అది ముందే నిర్ణయించేస్తుంది. తిట్టూ దెబ్బా లేకుండా పనిచేసిన అనుభవం, తమవాడు మేస్త్రీగా నిలబడడం చూసిన అనుభవం, పిల్లలకు బడి దొరుకుతుందన్న ఆశ కూడా కారణాలే. పేరయ్య కరువుకు పదేళ్ళ ముందే వచ్చాడన్నది మరచిపోరాదు.

క్లౌ పని పరిమితి వేరొకచోట ఉంది. కరువులో ముందుగా చనిపోయేది మాదిగలే ఎందుకన్న ప్రశ్నకు ఆ కాలువ దగ్గర జవాబు లేదు. కూలి రేటును నిర్ణయించిన ప్రభుత్వమూ, భూమి ఎవరిదో నిర్ణయించిన ఊరూ అలాగే ఉన్నాయి. 1880 నాటి కరువు కమిషన్ తరువాతే సహాయచర్యలకు నిబంధనలు ఏర్పడ్డాయి. భూమి ప్రశ్న అప్పటికీ అలాగే మిగిలింది.

రోచెస్టర్

ఈ ప్రశ్న అడిగినవాడు క్లౌ కుటుంబంలోనే ఉన్నాడు. మొదటి భార్య మరణించాక క్లౌ 1894లో ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్ళాడాడు. ఆమె 1880లలోనే తెలుగునాట మిషనరీగా పనిచేసింది. మాదిగల గురువులు, సంప్రదాయాల గురించి 1899లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్. యువకుడిగా అతడూ తెలుగు మిషన్‌కు వెళ్ళాలనుకున్నాడు. పాత నిబంధన గురించి అతడి అభిప్రాయాలు నచ్చక సంఘం పంపలేదు. 1886లో న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్ అనే పేదల పేటలో ఒక జర్మన్ బాప్టిస్టు చర్చికి పాస్టరయ్యాడు.

అక్కడ ఇరుకు ఇళ్ళు, పని లేని తండ్రులు, పసిపిల్లల శవపేటికలు అతడికి ఒక విషయం నేర్పాయి. దరిద్రుడికి రొట్టె ఇవ్వడంతో బాధ్యత తీరదు. అతడిని దరిద్రుడిగా ఉంచుతున్న వ్యవస్థ కూడా పాపమే. 1907లో వచ్చిన 'క్రిస్టియానిటీ అండ్ ద సోషల్ క్రైసిస్' ఈ వాదాన్ని అమెరికా అంతటా చర్చనీయం చేసింది. క్లౌ 1910లో రోచెస్టర్‌లో మరణించాడు. ఆయన చెప్పగా ఎమ్మా రాసిన స్వీయచరిత్ర 1914లో అచ్చయింది. దాని శీర్షిక 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్'. తమ్ముడు న్యూయార్క్ మురికిపేటల గురించి వాడిన మాటనే అక్క ఒంగోలు మాదిగపల్లెలకూ వాడింది.

రౌషెన్‌బుష్ పుస్తకం తన ఆలోచనపై చెరగని ముద్ర వేసిందని మార్టిన్ లూథర్ కింగ్ 1958లో రాశాడు. 1959లో కింగ్ భారతదేశం వచ్చినప్పుడు, కేరళలోని ఒక దళిత విద్యార్థుల బడిలో అతడిని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశారు. మొదట నొచ్చుకున్నా, ఆలోచించాక ఆ మాట నిజమేనని ఒప్పుకున్నానని 1965లో తన చర్చి ప్రసంగంలో చెప్పాడు. 1845లో బాప్టిస్టులను చీల్చిన ప్రశ్న, ఒంగోలు బడిలో ఎదురైన ప్రశ్న ఆ పరిచయంలో ఒక్కటయ్యాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో అయోవా, న్యూయార్క్ చర్చిల కానుకలు ఒంగోలు చేరేవి. ఇప్పుడు ఆ రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారు బడులకూ, ఆస్పత్రులకూ తమ ఊళ్ళకు డబ్బు పంపుతున్నారు. పంపేవారి మతం ఏదైనా, వెల్లంపల్లి దగ్గర తలెత్తిన ప్రశ్నలు వారికీ వర్తిస్తాయి. సహాయం పొందినవాడికి కాదనే స్వేచ్ఛ మిగిలిందా? పని చూసే బాధ్యత అతడి మనుషుల చేతిలో ఉందా? ఆ ఊరి బావి దగ్గర, పొలం దగ్గర ఏమైనా మారిందా? మొదటి రెండింటికీ క్లౌ తనకు చేతనైన జవాబు వెతికాడు. మూడోదానికి జవాబు ఆయన తరువాతి తరాలకు మిగిలిపోయింది.