మీ మందులన్నీ ఒకచోట చూసేదెవరు?



మన సరిహద్దు ఊళ్ళలో పెద్దవాళ్ళున్న ఏ ఇంట్లోనైనా మందుల డబ్బా తెరిచి చూడండి. షుగరు మాత్రలు ఊరి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చినవి. బి.పి. మాత్రలు బళ్ళారి డాక్టరుగారు రాసినవి. మోకాళ్ళ నొప్పి మాత్రలు గుంతకల్లుకో ఆదోనికో కూతురింటికి పోయినప్పుడు కొన్నవి. చీటీలు ఇంగ్లీషులో ఉంటాయి, అంగడివారు కన్నడంలో చెబుతారు, ఇంట్లో మనం మాట్లాడుకునేది తెలుగు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారితో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలో చేరాయి. పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఆగలేదు, వైద్యం కోసం రాకపోకలూ ఆగలేదు. అందువల్ల ఒకే మనిషి మందులు రెండు రాష్ట్రాల చీటీలలో ఉంటాయి.

ఇందులో ప్రమాదమేమిటంటారా? ఒకే మందు వేర్వేరు కంపెనీల పేర్లతో వస్తుంది. పేరు వేరు కదా అని రెండూ మింగితే మోతాదు రెట్టింపవుతుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు చాలాకాలం వాడితే రక్తపోటు పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బి.పి. మందు పనిచేయడం లేదని డాక్టరుగారు మోతాదు పెంచుతారు. నొప్పి మాత్ర సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు!

మన దేశంలో మందుల అంగళ్ళమీద అదుపు ఎట్లా వచ్చిందో చూద్దాం. కల్తీ మందుల బెడద పెరగడంతో 1930లో కల్నల్ చోప్రా అధ్యక్షతన ఒక విచారణ సంఘం ఏర్పడింది. తరువాత 1940లో ఔషధాల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. డాక్టరు చీటీకి మందు ఇచ్చేవారు రిజిస్టరైన ఫార్మసిస్టు కావాలన్నది ఆ రెండో చట్టం. 2015 జనవరిలో వెలువడిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఇంకొక అడుగు వేశాయి. ఒకే మందు రెండుసార్లు పడుతున్నదా, ఒక మందు ఇంకొకదానికి అడ్డు వస్తుందా అన్నది చూడడం, రోగికి వివరించడం ఫార్మసిస్టు పనేనని చెప్పాయి. అయితే ఆ పనికి పట్టే సమయానికి ప్రతిఫలం ఎవరిస్తారన్నది తేలలేదు. అంగడివారికి రాబడి అమ్మకం మీదనే.

కొన్ని దేశాలలో ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. ఆస్ట్రేలియాలో 2001 నుంచి డాక్టరు పంపితే ఫార్మసిస్టు రోగి ఇంటికి వెళ్ళి, మందులన్నీ పరిశీలించి, డాక్టరుకు నివేదిక ఇస్తారు. కెనడాలోని అంటారియోలో 2007లో, మూడుకు తక్కువ కాకుండా మందులు వాడే దీర్ఘరోగులకు ఇటువంటి సేవ మొదలైంది. ఇంగ్లండులో 2005లో మొదలైన పద్ధతిలో, ఫార్మసిస్టు రోగిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడితే ప్రభుత్వం రుసుము చెల్లించేది. ఒక్కొక్క అంగడికి ఏడాదికి 400 సమీక్షలు హద్దు. ఆ 400 పూర్తిచేయడమే కొన్నిచోట్ల లక్ష్యమైపోయిందన్న విమర్శ వచ్చింది. 2021 మార్చితో ఆ పద్ధతి ముగిసింది. అప్పటికే డాక్టర్ల క్లినిక్కుల్లో పనిచేసే ఫార్మసిస్టులకు, మరింత వివరంగా జరిగే సమీక్షలను అప్పగించారు.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? డబ్బు ఇవ్వడం అవసరమే, కాని తలల లెక్కకు ఇస్తే పని పలచబడుతుంది. మన సరిహద్దు జిల్లాలో ఇటువంటి ఏర్పాటు వస్తే, రోగికి అర్థమయ్యే భాషలో మాట్లాడగలగడం కూడా అందులో భాగం కావాలి. "రోజుకు రెండు" అన్న మాట సరిగా అర్థం కాకపోతే మంచి మందు కూడా చెరుపు చేస్తుంది.

అంతదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ఇంట్లో ఉన్న మాత్రల షీట్లు, సీసాలు, నాటుమందులతో సహా ఒక సంచిలో వేసుకోండి. చీటీలు కూడా పెట్టుకోండి. ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ సంచి బల్లమీద పెట్టి, "అయ్యా, ఇవన్నీ వాడుతున్నాను, ఒకసారి చూడండి" అని అడగండి. అంగడిలో చదువుకున్న ఫార్మసిస్టు ఉంటే, రద్దీ లేని వేళ ఆయననూ అడగండి. ఏ మందునూ మీ అంతట మీరు ఆపవద్దు. అడగడానికి మొహమాటపడవద్దు, చెప్పడం వారి బాధ్యతేనని నిబంధనలే అంటున్నాయి.