డ్రైవింగ్‌లో మెసేజ్‌ల నిషేధం: అమెరికా అనుభవం

వాహనం నడుపుతూ ఫోన్‌లో మెసేజ్‌లు రాయడాన్ని, చదవడాన్ని ప్రత్యేక చట్టంతో నిషేధించిన మొదటి అమెరికా రాష్ట్రం వాషింగ్టన్. 2007లో చేసిన ఆ చట్టం 2008 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందే, 2001లో, డ్రైవింగ్‌లో ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడకూడదని న్యూయార్క్ చట్టం చేసింది. ట్రాఫిక్ నిబంధనలు అక్కడ రాష్ట్రాల పరిధిలోనివి కావడంతో మెసేజ్‌ల నిషేధం ఒక్కో చోట ఒక్కో ఏడాది, ఒక్కో తీరున వచ్చింది. నిషేధం ఉన్న రాష్ట్రాన్ని లేని రాష్ట్రంతో పోల్చి చూసే వీలు పరిశోధకులకు అలా కలిగింది.

ఈ చట్టాలకు ఊపు తెచ్చిన ఘటనల్లో ఒకటి రైలు పట్టాల మీద జరిగింది. 2008 సెప్టెంబరు 12న లాస్ ఏంజెలెస్ దగ్గరి చాట్స్‌వర్త్‌లో ప్యాసింజర్ రైలు ఎర్ర సిగ్నల్ దాటి వెళ్లి, ఎదురుగా వస్తున్న గూడ్స్‌ను ఢీకొంది. 25 మంది చనిపోయారు. ఢీకొనడానికి 22 సెకన్ల ముందు ప్యాసింజర్ రైలు డ్రైవర్ ఒక మెసేజ్ పంపినట్టు దర్యాప్తులో తేలింది. మరుసటి ఏడాది వర్జీనియా టెక్ పరిశోధకులు లారీల్లో కెమెరాలు పెట్టి సేకరించిన సమాచారాన్ని విశ్లేషించి, మెసేజ్ రాస్తున్న డ్రైవర్‌కు ప్రమాదం దాకా వెళ్లే ముప్పు 23 రెట్లు ఎక్కువని లెక్క కట్టారు. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు ఒబామా ప్రభుత్వ వాహనాలు నడిపే ఫెడరల్ ఉద్యోగులు మెసేజ్‌లు పెట్టరాదని ఉత్తర్వు ఇచ్చారు.

తొలి ఫలితాలు మాత్రం నిరుత్సాహపరిచాయి. కాలిఫోర్నియా, లూసియానా, మిన్నెసోటా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో నిషేధానికి ముందూ తర్వాతా వచ్చిన బీమా క్లెయిములను హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 2010లో పరిశీలించింది. క్లెయిములు తగ్గకపోగా కొన్ని చోట్ల కాస్త పెరిగాయి. పోలీసుల కంట పడకుండా డ్రైవర్లు ఫోన్‌ను ఒడిలోకి దించుకుని ఉంటారని, దాంతో చూపు రోడ్డు మీద నుంచి ఇంకా కిందికి పోయి ఉంటుందని ఆ సంస్థ ఊహించింది. 2013లో వెలువడిన మరో అధ్యయనం, ఒంటరిగా వెళ్తున్న డ్రైవర్లు మరే వాహనాన్నీ ఢీకొనకుండా ప్రాణాలు పోగొట్టుకున్న ప్రమాదాలను లెక్కలోకి తీసుకుంది. చట్టం కొత్తలో ఇవి తగ్గాయి. కొన్ని నెలలకే మళ్లీ పాత స్థాయికి చేరాయి.

తేడా ఎక్కడుందో 2014 నాటి పరిశోధన కొంతవరకు చూపింది. కొన్ని రాష్ట్రాల్లో పోలీసులు మెసేజ్ పెడుతున్నాడన్న ఒక్క కారణంతోనే బండి ఆపవచ్చు. మరికొన్నింట అతివేగం లాంటి వేరే తప్పుకు ఆపినప్పుడే దీనికీ జరిమానా వేయగలరు. వాషింగ్టన్ తొలి చట్టం ఈ రెండో రకానిదే. 2010లో దాన్ని మార్చారు. నేరుగా ఆపే అధికారం ఉన్న రాష్ట్రాల్లో రోడ్డు మరణాలు సుమారు 3 శాతం తగ్గాయి. రెండో రకం చట్టాలతో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

నిఘా పెంచితే ఏమవుతుందో 2010, 2011లలో హార్ట్‌ఫర్డ్, సిరక్యూస్ నగరాల్లో పరీక్షించారు. హార్ట్‌ఫర్డ్‌లో ఒక పోలీసు రోడ్డు పక్కన నిలబడి, ఫోన్ పట్టుకున్న డ్రైవర్ కనబడగానే ముందున్న మరో పోలీసుకు రేడియోలో చెప్పేవాడు. సిరక్యూస్‌లో గస్తీ బండ్లు తిరిగేవి. పట్టుబడితే జరిమానా తప్పదని ప్రకటనలు జోరుగా సాగాయి. చేత్తో ఫోన్ వాడకం హార్ట్‌ఫర్డ్‌లో 57 శాతం, సిరక్యూస్‌లో 32 శాతం తగ్గింది.

చట్టంలోని మాటలు కూడా అడ్డొచ్చాయి. తొలి చట్టాలు రాసేనాటికి ఫోన్ అంటే మాట్లాడటం, మెసేజ్ పంపడం. స్మార్ట్‌ఫోన్ వచ్చాక మ్యాపులు, వీడియోలు తోడయ్యాయి. ఫోన్‌లో మ్యాప్ చూసిన డ్రైవర్‌కు వేసిన జరిమానాను కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 2014లో కొట్టేసింది; చట్టం నిషేధించింది సంభాషణనే తప్ప మ్యాప్ చూడటాన్ని కాదంది. 2017 నుంచి ఆ రాష్ట్రం ఫోన్ చేత్తో పట్టుకుని వాడటాన్నే నిషేధించింది. వాషింగ్టన్ కూడా అదే ఏడాది సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడూ ఫోన్ పట్టుకోరాదంది. దీంతో డ్రైవర్ తెర మీద ఏం చేస్తున్నాడో రుజువు చేసే భారం పోలీసులకు తప్పింది. 2023లో మిస్సోరీ అన్ని వయసుల డ్రైవర్లకూ మెసేజ్‌ల నిషేధం వర్తింపజేయడంతో, అలాంటి నిషేధం లేని రాష్ట్రంగా మోంటానా ఒక్కటే మిగిలింది.

ఒడిలో దాచిన ఫోన్‌ను పట్టే మార్గం ఆస్ట్రేలియా చూపింది. న్యూ సౌత్ వేల్స్‌లో రోడ్డు మీద ఎత్తున బిగించిన కెమెరాలు ముందు అద్దంలోంచి డ్రైవర్ చేతులను ఫొటో తీస్తాయి. అనుమానం ఉన్నవాటిని కంప్యూటర్ వేరు చేస్తుంది, ఆపై మనుషులు సరిచూస్తారు. 2019లో ఆరు నెలల ప్రయోగంలో 85 లక్షల వాహనాలను పరిశీలిస్తే లక్ష మందికి పైగా డ్రైవర్లు దొరికారు. ఆ డిసెంబరులో మొదలైన అమలు మొదటి మూడు నెలలూ హెచ్చరికలతో సరిపెట్టి, 2020 మార్చి నుంచి జరిమానాలకు మారింది.

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే, నిషేధం ఒక్కటే ప్రమాదాలను ఎక్కువ కాలం తగ్గించలేదు. నేరుగా బండి ఆపే అధికారం, రోడ్డు మీద కనిపించే నిఘా, ఫోన్ పట్టుకోవడాన్నే తప్పుగా చెప్పే స్పష్టమైన నిబంధన తోడైన చోటే చట్టం పనిచేసింది.