మంచువాలులపై విహారం

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు నుండి నిర్మల్‌కు పోయే దారిలో బాల్కొండ ఉన్నది. ఊరిపేరులో కొండ ఉన్నా, చుట్టూ కనిపించేవి పసుపుచేలు, మక్కచేలు, రాతిగుట్టలు. సంక్రాంతి వచ్చేసరికి ఈ ప్రాంతంలో పసుపు తవ్వకం మొదలవుతుంది. తవ్విన కొమ్ములను ఉడికించి, కల్లంలో ఆరబోసి, మెరుగుపట్టి, నిజామాబాదు మార్కెట్టుకు తోలుకొనిపోతారు. ఈ ప్రాంతం మీదుగా పోయే పెద్దరోడ్డుకు నేడు 44వ జాతీయ రహదారి అని పేరు. దక్షిణంగా పోతే అది కన్యాకుమారి చేరుతుంది. ఉత్తరంగా పోతే శ్రీనగరు చేరుతుంది. శ్రీనగరుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో గుల్‌మార్గ్ ఉన్నది. బాల్కొండ కల్లాల్లో పసుపు ఆరే నెలల్లోనే గుల్‌మార్గ్ వాలులపై మనిషిలోతు మంచు పేరుకొంటుంది. దానిపై జనం కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకొని జారుతూ ఉంటారు.

ఈ పలకలనే స్కీలు అంటారు. బాల్కొండ పాఠశాల విద్యార్థి ఒకడు ఈ ఆట నేర్చుకొనడానికి బయలుదేరదలచినాడనుకొందాం. జనసమ్మర్దం తక్కువగా ఉన్న ప్రశాంతమైన కొండ కావాలని అతని కోరిక. ఎక్కడికి పోవాలి? ఏ నెలలో పోవాలి? వీటికి జవాబు చెప్పాలంటే కొంత చరిత్ర, కొంత భౌతికశాస్త్రం, కొంత వాతావరణశాస్త్రం తెలిసి ఉండాలి.

చీల్చిన చెక్క

స్కీ అనే మాట ప్రాచీన నార్సు భాషలోనిది. చీల్చిన చెక్క అని దాని అర్థం. రష్యా ఉత్తరభాగంలోని సిందోర్ సరస్సు వద్ద దొరికిన స్కీముక్కలు సుమారు 8,000 ఏళ్లనాటివని పురాతత్త్వవేత్తలు లెక్కకట్టారు. నార్వేలోని రోడోయ్ దీవిలో స్కీలపై నిలిచిన మనిషి బొమ్మను ఆనాటివారు రాతిపై చెక్కారు. ఆ రోజుల్లో ఇది విహారం కాదు. ఆరునెలలు మంచు కప్పి ఉండే దేశంలో వేటకు పోవాలన్నా, పక్క ఊరికి పోవాలన్నా మరొక సాధనం లేదు.

మెత్తని మంచులో మామూలు చెప్పులతో నడిస్తే మోకాలిదాకా దిగబడుతుంది. స్కీ దానిని ఆపుతుంది. 50 కిలోల బరువున్న విద్యార్థి రెండు చెప్పుల అడుగుల వైశాల్యం సుమారు 400 చదరపు సెంటిమీటర్లు అనుకొంటే, ఒక్కొక్క చదరపు సెంటిమీటరుపై 125 గ్రాముల భారం పడుతుంది. అతడే 160 సెంటిమీటర్ల పొడవు, 7 సెంటిమీటర్ల వెడల్పు గల రెండు పలకలపై నిలిస్తే, అదే భారం 2,240 చదరపు సెంటిమీటర్లపై పరచుకొంటుంది. అప్పుడు ఒక్కొక్క దానిపై పడేది 22 గ్రాములే. నాటుకు ముందు బురదపొలం కలియదున్నే ట్రాక్టరుకు వెడల్పాటి ఇనుపచక్రాలు తగిలించడంలో ఉన్న సూత్రమూ ఇదే.

మునగకపోవడం సరే, జారడం ఎట్లా? బరువు ఒత్తిడికే మంచు కరిగి నీరవుతుందని చాలాకాలం నమ్మారు. కాని లెక్క వేసి చూస్తే ఆ ఒత్తిడి చాలదని తేలింది. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు బౌడెన్, హ్యూస్ స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రౌయోక్ పర్వతసీమలో ప్రయోగాలు జరిపి 1939లో ఫలితాలను ప్రకటించారు. రాపిడివల్ల పుట్టిన వేడి మంచు పైపొరను కరిగించి పలుచని నీటిపొరను ఏర్పరుస్తుందనీ, పలక దానిపై జారుతుందనీ వారు చూపారు. అందుకు వారిచ్చిన నిదర్శనం సులభమైనది. లోహపు పలక వేడిని త్వరగా పీల్చి పైకి పంపివేస్తుంది కనుక సరిగా జారదు. వేడిని పోనీయని ఎబొనైటు పలక బాగా జారుతుంది.

పనిముట్టు ఆటగా మారడం

నార్వేలోని టెలిమార్క్ ప్రాంతపు పేదరైతు సోండ్రె నార్‌హైమ్ మడమను గట్టిగా పట్టి ఉంచే కట్టును వాడుకలోనికి తెచ్చాడు. దానితో స్కీని ఇష్టం వచ్చినవైపు తిప్పడం సాధ్యమైంది. 1868లో అతడు నేటి ఆస్లో నగరానికి వచ్చి తన నేర్పు చూపగా పట్టణవాసులు ఆశ్చర్యపడ్డారు. 1888లో ఫ్రిట్యాఫ్ నాన్సెన్ స్కీలపై గ్రీన్లాండును అడ్డంగా దాటాడు. ఆ యాత్రను గురించి ఆయన వ్రాసిన పుస్తకం మధ్య యూరప్ యువకులను ఉర్రూతలూగించింది.

మొదట్లో ఆల్ప్స్ పర్వతగ్రామాలు వేసవి విడుదులు మాత్రమే. శీతకాలంలో తలుపులు మూసుకొని పశువులతో గడిపేవారు. స్విట్జర్లాండులోని సెంట్ మారిట్జ్‌లో బడ్రుట్ అనే హోటలు యజమాని 1864లో తన ఆంగ్ల అతిథులను శీతకాలంలో కూడా వచ్చి చూడమన్నాడనీ, నచ్చకపోతే దారిఖర్చులు తానే ఇస్తానని పందెం కట్టాడనీ చెప్పుకొంటారు. 1922లో ఆర్నాల్డ్ లన్ అనే ఆంగ్లేయుడు మ్యూరెన్ గ్రామంలో గుంజల మధ్య వంకరటింకరగా జారే స్లాలమ్ పోటీని ఆధునిక పద్ధతిలో నడిపాడు. 1924లో ఫ్రాన్సులోని షమోనీలో తొలి శీతకాల ఒలింపిక్ క్రీడలు జరిగాయి.

కొండగ్రామాల ప్రశాంతతను మార్చినది పోటీలకంటె ఎక్కువగా యంత్రమే. జారడం నిమిషాల పని, తిరిగి ఎక్కడం గంటల పని. జర్మనీలోని బ్లాక్ ఫారెస్టులో వింటర్‌హాల్డర్ అనే పూటకూటి ఇంటి యజమాని 1908లో తన నీటిమర శక్తితో తిరిగే తాడును ఏర్పాటు చేశాడు. దానిని పట్టుకొని అతిథులు శ్రమలేకుండా కొండ ఎక్కారు. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో కుర్చీలు వేలాడే తీగమార్గం వచ్చింది. ఓడలలోనికి అరటిగెలలు ఎక్కించే యంత్రాన్ని చూసి ఒక ఇంజనీరుకు ఆ ఊహ తట్టింది. ఎక్కే శ్రమ తగ్గగానే వచ్చేవారు పెరిగారు. వచ్చేవారు పెరగగానే హోటళ్లు, రోడ్లు, నీటిగొట్టాలు పెరిగాయి. నిశ్శబ్దం కోసం మనుషులు వెదకి పట్టుకొన్న కొండ, వారు రావడంతోనే నిశ్శబ్దాన్ని పోగొట్టుకొన్నది.

మన దేశంలో

గుల్‌మార్గ్ అంటే పూలమైదానం. బ్రిటిషువారు మొదట వేసవిలో చల్లదనానికీ గోల్ఫు ఆటకూ అక్కడికి వచ్చేవారు. 1927లో అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1948లో సైన్యం అక్కడ స్కీ శిక్షణాలయం నెలకొల్పింది. 1961లో హిమాచల్‌లోని మనాలీలో పర్వతారోహణ శిక్షణాలయం మొదలైంది. 1964లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో జెరెమీ బుజకోవ్‌స్కీ భారతదేశం తరఫున స్కీ పోటీలలో పాల్గొన్నాడు. శీతకాల ఒలింపిక్స్‌లో మన దేశానికి ప్రాతినిధ్యం వహించిన మొదటివాడతడే. 2022లో బీజింగ్ క్రీడలకు మన దేశం నుండి వెళ్లిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ గుల్‌మార్గ్ పరిసరాలవాడు. 1998లో గుల్‌మార్గ్‌లో తీగమార్గపు మొదటి భాగం, 2005లో రెండవ భాగం తెరిచారు. ఇప్పుడు ఆ తీగమార్గం 3,900 మీటర్లకు పైగా ఎత్తుకు తీసుకొనిపోతుంది.

గుల్‌మార్గ్ రద్దీకి ఇష్టపడనివారు ఉత్తరాఖండ్‌లోని ఔలీ పేరు చెప్పేవారు. జోషీమఠ్ పట్టణానికి పైన, సుమారు 2,500 నుండి 3,000 మీటర్ల మధ్య పరచుకొన్న పచ్చికబీడు అది. ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసుదళం అక్కడ స్కీ శిక్షణ ఇచ్చేది. 1994లో జోషీమఠ్ నుండి ఔలీకి సుమారు 4 కిలోమీటర్ల తీగమార్గం ప్రారంభమైంది. 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలలో స్కీ పోటీలు అక్కడే జరిగాయి.

మంచు ఎక్కడినుండి వస్తుంది?

ఎత్తు ఉంటే చాలు మంచు పడుతుందని విద్యార్థులు పొరపడుతుంటారు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. బాల్కొండ పక్కనే 3,000 మీటర్ల శిఖరం ఒకటి లేచినదనుకొందాం. జనవరిలో ఊరిలో సగటున 22 డిగ్రీలు ఉంటే, ఆ శిఖరంపై సుమారు 5 డిగ్రీలు ఉంటుంది. మంచు నిలవడానికి ఆ చల్లదనం చాలదు. పైగా ఆ రోజుల్లో మన ఆకాశం సాధారణంగా నిర్మలంగా, గాలి పొడిగా ఉంటుంది. విశాఖ మన్యంలోని లంబసింగిలో కొన్ని శీతకాలపు తెల్లవారుజాములలో గడ్డిపై మంచుబిందువులు గడ్డకడతాయి కాని, స్కీ ఆటకు కావలసిన హిమం అక్కడ కురవదు.

హిమాలయాలకు శీతకాలపు తేమ మధ్యధరా సముద్రం వైపునుండి ప్రయాణించివచ్చే వాయుగుండాలవల్ల చేరుతుంది. పడమటి అలజడులని వాటికి పేరు. అవి మొదట కాశ్మీరును తాకి, తూర్పుగా గఢ్వాలు చేరేసరికి కొంత బలం కోల్పోతాయి. అందువల్ల గుల్‌మార్గ్‌లో మంచు ఎక్కువ, ఔలీలో తక్కువ. కాశ్మీరీలు డిసెంబరు 21 నుండి 40 రోజులను చిల్లా-ఎ-కలాన్ అంటారు. ఆ తీవ్రమైన చలిలో పడిన మంచు గట్టిపడి నిలుస్తుంది. కనుక జనవరి చివరివారం నుండి ఫిబ్రవరి నెలాఖరుదాకా స్కీకి అనువైన కాలం. ఒకే కొండపై కూడా ఉత్తరానికి వాలిన చరియపై ఎండ తక్కువ పడుతుంది కనుక అక్కడ మంచు ఎక్కువరోజులు ఉంటుంది.

ఈ లెక్కలన్నీ ఇటీవలి సంవత్సరాలలో తారుమారు అవుతున్నాయి. సిమ్లా పక్కనున్న కుఫ్రీ ఒకప్పుడు పేరుపొందిన స్కీస్థలం. మంచు తగ్గి ఆ పేరు పోయింది. 2023లో ఔలీలో జరగవలసిన జాతీయ పోటీలను మంచు చాలక రద్దు చేశారు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ వాలులు కూడా మంచులేక మట్టిరంగున కనిపించాయి.

జోషీమఠ్ నేర్పిన పాఠం

2023 జనవరిలో జోషీమఠ్ పట్టణం నేల కుంగి వార్తలకెక్కింది. గోడలు చీలాయి. 800కు పైగా కట్టడాలకు పగుళ్లు పడ్డాయి. అనేక కుటుంబాలు గడ్డకట్టే చలిలో ఇళ్లు వదలి తాత్కాలిక వసతులకు చేరుకొన్నాయి. ఔలీ తీగమార్గాన్ని నిలిపివేశారు.

ఇది హెచ్చరిక లేకుండా వచ్చిన ఆపద కాదు. 1976లోనే గఢ్వాల్ కమిషనరు ఎం. సి. మిశ్రా అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఆ పట్టణాన్ని పరిశీలించింది. పూర్వం విరిగిపడిన కొండచరియ తాలూకు రాళ్లూ ఇసుకా పేరుకొన్న నేలపై అది నిలిచి ఉన్నదని తెలిపింది. భారీ నిర్మాణాలు తగవనీ, చెట్లు నరకరాదనీ, బండలను పేల్చి తీయరాదనీ చెప్పింది. ఆ తరువాతి దశాబ్దాలలో ఇళ్లు, హోటళ్లు, రోడ్లు, జలవిద్యుత్ పథకాల పనులు పెరుగుతూనే వచ్చాయి. నేల కుంగడానికి ఏది ఎంత కారణమన్నది వేరే చర్చ. కాని ప్రశాంతమైన విహారస్థలం కింద ఒక పట్టణముంటుందనీ, ఆ పట్టణం కింద నేల ఉంటుందనీ, ఆ నేల మోయగల బరువుకు ఒక హద్దు ఉంటుందనీ యాత్రికుడు మరువరాదు.

మెట్టు మెట్టుగా

నిజామాబాదు జిల్లాకు మంచుకొండలు కొత్తవి కావు. ఈ జిల్లాలోని పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న టిబెట్ వైపు నుండి ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఖమ్మం ప్రాంతపు విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతోపాటు ఎక్కాడు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే ఆ పిల్ల ఒక్కసారిగా అంత ఎత్తుకు పోలేదు. మొదట భువనగిరి బండపై అభ్యాసం, ఆపైన డార్జిలింగ్, ఆపైన లడఖ్ చలి.

స్కీ ఆటకూ ఈ క్రమమే వర్తిస్తుంది. గుల్‌మార్గ్ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలోని దానిలో నూటికి 72 పాళ్లే. తీగమార్గం చివర అది 61 పాళ్లకు దిగుతుంది. 2,500 మీటర్లు దాటిన తరువాత తలనొప్పి, వికారం, నిద్రలేమి రావచ్చు. కనుక మొదటి ఒకటి రెండు రోజులు శరీరాన్ని అలవాటు పడనివ్వాలి. బాధ ముదిరితే కిందికి దిగడమే సరియైన చికిత్స. 30 నుండి 45 డిగ్రీల వాలుపై కొత్తమంచు పడినప్పుడు మంచుచరియలు జారే ప్రమాదం హెచ్చు. 2010 ఫిబ్రవరి 8న గుల్‌మార్గ్ వద్ద శిక్షణలో ఉన్న సైనికదళంపై మంచుచరియ విరుచుకుపడి 17 మంది సైనికులు మరణించారు. వారు మంచులో ఆరితేరినవారు. ప్రశాంతమైన చోట జనం తక్కువైనట్లే, వెదకి రక్షించేవారు, వైద్యులు కూడా తక్కువగా ఉంటారు. కొత్తవాడు శిక్షకుడు లేకుండా, గుర్తులు నాటిన వాలు విడిచి పోరాదు.

ఇప్పుడు బాల్కొండ విద్యార్థి లెక్క వేసుకొనవచ్చును. వేసవి సెలవుల్లో వాలులపై మంచుండదు. మంచున్నప్పుడు ఇంట్లో పసుపు తవ్వకం, బడిలో పరీక్షల తొందర. కనుక పయనం ఈ ఏటికి కాక, చదువు ఒక దరికి చేరిన తరువాతి ఏటికి పెట్టుకొనడం మేలు. కొండ పేరు ముందే నిశ్చయించుకొనరాదు. ఆ శీతకాలంలో ఎక్కడ మంచు పడినదో, ఏ దారి తెరిచి ఉన్నదో, ఏ పట్టణపు నేల పదిలంగా ఉన్నదో తెలుసుకొని నిర్ణయించుకోవాలి. పెద్ద హోటలుకు బదులు గ్రామస్థుల ఇంట బస చేస్తే ఖర్చూ తగ్గుతుంది, ఆ రొక్కమూ కొండవారికే చేరుతుంది.

పసుపు రైతుకు ఇదంతా వింత కాదు. విత్తిన తొమ్మిది నెలలకు గాని పంట చేతికి రాదని అతనికి తెలుసు. పసుపు వేసిన చేనులో మరుసటి ఏడు మళ్లీ పసుపు వేయక, నేలకు విశ్రాంతినిచ్చే పంట వేయడమూ అతనికి తెలుసు. మంచుకొండను చూడబోయేవాడు ఇంటినుండి తీసుకొనిపోవలసిన తెలివి అదే.